కొత్త ఫోను అద్దం మీద గీత పడిందా? టూత్‌పేస్టు జోలికి వెళ్లే ముందు ఇది చదవండి

ఫోను కొన్న నాలుగో రోజు సాయంత్రం విజయవాడ పద్మావతి ఘాట్‌కు వెళ్లాను. చెప్పులు విడిచి, కృష్ణలో కాళ్లు కడుక్కుని, మెట్ల మీద కాసేపు కూర్చుని వచ్చాను. ఫోను ప్యాంటు జేబులోనే ఉంది. మరునాడు పొద్దున బాల్కనీలో ఎండకు ఏటవాలుగా పట్టుకుని చూస్తే తెర మధ్యకు కొంచెం దిగువన అంగుళం పొడవు సన్నని గీత. తెర వెలుగుతున్నంతసేపూ కనబడదు, ఆరిపోగానే బయటపడుతుంది. జేబు లోపలి గుడ్డను తిరగేసి దులిపితే అరచేతిలోకి నాలుగు ఇసుక రేణువులు రాలాయి.

ఇక ఆ రోజంతా వైద్యాలే. మా బావమరిది టూత్‌పేస్టు రుద్దమన్నాడు. పక్కింటి పిన్నిగారు వంట సోడా అన్నారు. ఎవరో కొబ్బరినూనె అన్నారు. వీటిలో ఒక దానిలో మాత్రం కొంత విషయం ఉంది, దాని సంగతి తరువాత చెబుతాను. ముందే తెలుసుకోవలసింది ఏమిటంటే, గాజులోకి దిగిన గీతను ఇంట్లో చెరిపే మందు లేదు. అయితే గీత పడిందని మనం గుండె బాదుకునే సందర్భాల్లో చాలాసార్లు అది గాజు మీద పడినదే కాదు. అందుకే కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి.

మొదటి పని: చేతులు కట్టుకోండి

గీత కనబడగానే చేయి దానంతట అదే చొక్కా అంచు మీదికి పోతుంది. ఆపండి. గీత పెట్టిన రేణువు ఇంకా తెర మీదే ఉండవచ్చు. దాన్ని గుడ్డ కింద పెట్టి అటూ ఇటూ రుద్దితే ఒక గీత నాలుగవుతుంది.

ఫోను ఆపేయండి. తెరను నేలవైపు ఏటవాలుగా వంచి పట్టుకుని, కెమెరా లెన్సులకు గాలి ఊదే రబ్బరు బుడ్డి ఉంటే దానితో నాలుగుసార్లు ఊదండి. లేకపోతే మెత్తని, కొత్త పెయింటు బ్రష్షుతో అదమకుండా దులపండి. నోటితో ఊదితే ఉమ్మి తుంపర్లు పడతాయి. తరువాత కళ్లద్దాల దుకాణంలో ఇచ్చే మెత్తని గుడ్డను నీటితో కొంచెం తడిపి, గట్టిగా పిండి, పై నుంచి కిందికి ఒకే దిశలో తుడవండి. నీళ్లను నేరుగా ఫోను మీద చల్లకండి. జిడ్డు వదలకపోతే 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉన్న తుడుపు కాగితం ఎప్పుడో ఒకసారి వాడవచ్చు. కిటికీ అద్దాలు తుడిచే నీలం ద్రవం మాత్రం వద్దు.

చాలామందికి ఇక్కడితోనే పని అయిపోతుంది. ఎండిపోయిన చెమట చార, సబ్బు మరక, వేలి జిడ్డు కూడా ఏటవాలు వెలుతురులో అచ్చం గీతలాగే కనబడతాయి.

రెండో పని: గీత ఏ పొర మీద ఉందో తేల్చుకోండి

నేను ఎక్కువసేపు చెప్పదలచుకున్నది ఇదే, ఎందుకంటే డబ్బు మిగిలేదీ పోయేదీ ఇక్కడే.

కొత్త ఫోను పెట్టె తెరిస్తే సాధారణంగా రెండు రకాల పొరలు ఎదురవుతాయి. ఒకటి, పైన అక్షరాలు అచ్చువేసి ఒక మూల పట్టుకుని లాగడానికి చిన్న తోక వదిలిన పొర. అది రవాణా కోసం వేసినది, మనం పీకి పారేస్తాం. రెండోది చాలామంది గమనించనే గమనించరు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు ఫ్యాక్టరీలోనే పలుచని పారదర్శక ప్లాస్టిక్ ఫిల్మ్ అంటించి పంపుతారు. చూడటానికి అది అద్దంలో భాగంలాగే ఉంటుంది. మెత్తటి ప్లాస్టిక్ కాబట్టి ప్రతి చిన్న రాపిడికీ గీతలు పడతాయి. ఆ గీతలు అద్దానివనుకుని కొత్త డిస్‌ప్లే ధర అడగడానికి వెళ్లేవాళ్లు ఉన్నారు.

తెలుసుకోవడం ఇలా. తెర ఆపేసి, ఫోనును ట్యూబులైటు కిందకు తీసుకెళ్లండి. చూపుడు వేలి గోటిని ఫోను అంచు మీద ఉంచి, లోపలికి, తెర మధ్యవైపు మెల్లగా జరపండి. అంచు నుంచి ఒక మిల్లీమీటరో రెండో లోపలికి వెళ్లగానే గోటికి సన్నని మెట్టు తగిలితే అది ఫిల్మ్. ముందు కెమెరా చుట్టూ కూడా చూడండి. ఫిల్మ్‌కు అక్కడ గుండ్రని కోత ఉంటుంది, ఆ అంచులో ధూళి చేరి సన్నని బూడిదరంగు వలయం కనబడుతుంది. మెట్టు ఉంది, గీత ఆ మెట్టుకు లోపలే ఆగిపోయింది అంటే నిశ్చింతగా ఉండండి. గీత అంచు దాటి ఫోను చివరిదాకా పోయిందంటే అద్దానికి తగిలిందన్నమాట.

ఫిల్మ్ తీయాలంటే ఒక మూలను గోటితో కొంచెం లేపి, తెరకు దాదాపు సమాంతరంగా ఉండేలా వెనక్కి మడుస్తూ నెమ్మదిగా లాగండి. కత్తి, బ్లేడు వాడవద్దు. లాగిన తరువాత కింద కన్నీటి బొట్టులా మెరుస్తున్న అద్దం కనబడినప్పుడు కలిగే సంతోషం, నిజం చెప్పాలంటే, ఫోను కొన్నప్పటి సంతోషం కన్నా ఎక్కువ.

ఒక్క జాగ్రత్త. మడత ఫోను అయితే లోపలి తెర మీది పొరను ముట్టుకోకండి. అది తెరలో భాగం. 2019లో శాంసంగ్ తన మొదటి గెలాక్సీ ఫోల్డ్‌ను సమీక్షలకు ఇచ్చినప్పుడు కొందరు దాన్ని రక్షణ ఫిల్మ్ అనుకుని పీకేశారు, తెరలు పాడైపోయాయి.

పెట్టె తెరిచిన నిమిషంలోనే అద్దం మీద గీత కనబడితే దారి వేరు. ఏదీ పీకకండి, తుడవకండి. పెట్టె మీది ఐఎంఈఐ (ఫోను గుర్తింపు) సంఖ్య కనబడేలా వీడియో తీసి, బిల్లు పెట్టుకుని, మార్పిడి గడువు దాటకముందే అమ్మినవారిని రాతపూర్వకంగా అడగండి. వాళ్లు ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అక్కడ 5 లక్షల రూపాయల లోపు కొనుగోళ్ల మీద ఫిర్యాదుకు రుసుము లేదు. నాలుగు రోజులు వాడాక పడిన గీతకు మాత్రం వారంటీ వర్తించదని ఏ కంపెనీ అయినా చెబుతుంది. విడిగా కొనే తెర బీమా పథకాలు కూడా సాధారణంగా పగిలిన తెరకే గానీ గీతకు ఇవ్వవు.

మూడో పని: లోతు చూడండి

ఫిల్మ్ లేదు, లేదా తీసేశాక కూడా గీత అలాగే ఉంది. అప్పుడు గోటిని గీతకు అడ్డంగా, బరువు వేయకుండా జరపండి. గోరు తట్టుకోకుండా జారిపోతే అది వెంట్రుకవాసి గీత. టక్కున ఆగితే లోతైనది.

ఇప్పుడు కొబ్బరినూనె. చూపుడు వేలి కొసకు అంటీ అంటనట్టు నూనె రాసుకుని గీత మీద ఒక్కసారి అద్దండి. స్పీకరు రంధ్రానికి దగ్గరైతే ఈ పని చేయకండి. సన్నని గీత అయితే కళ్ల ముందే మాయమవుతుంది. మా ఇంట్లో దీన్ని చూసి పిల్లలు చప్పట్లు కొట్టారు. మందు పనిచేసిందని అనుకోకండి, తుడవగానే తిరిగి వస్తుంది. ఇక్కడ జరిగేది ఇది: గీత అంటే గాజులో పడిన చిన్న కాలువ. కాలువలో గాలి ఉన్నప్పుడు వెలుతురు దాని గోడల మీద చెదిరి తెల్లగా మెరుస్తుంది. గాజు వెలుతురును ఎంత వంచుతుందో కొబ్బరినూనె కూడా దాదాపు అంతే వంచుతుంది. కాలువ నూనెతో నిండితే వెలుతురుకు అక్కడ గోడ ఉన్నట్టే తెలియదు. నూనెలో ముంచిన గాజు కడ్డీ కనబడకుండా పోవడం కూడా ఇందువల్లే.

నూనెతో మాయమైన గీతకు తక్కువ ఖర్చులో పరిష్కారం ఉంది. నూనె రాసినా కనబడుతూనే ఉన్న గీత లోతుగా గాయమైనది.

ఇంట్లో వైద్యాల సంగతి

1812లో ఫ్రెడరిక్ మోస్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఏ రాయి దేన్ని గీయగలదో చూసి 1 నుంచి 10 దాకా వరుస కట్టాడు. 1 టాల్క్, అంటే మనం పలక మీద రాసుకున్న బలపపు రాయి. 10 వజ్రం. ఫోను అద్దం దాదాపు 6 దగ్గర ఉంటుంది. ఇత్తడి తాళం చెవి 3, 4 మధ్య ఉంటుంది, కాబట్టి అది అద్దాన్ని ఏమీ చేయలేదు. తాళాల గుత్తి మీద అందరూ వేసే నింద చాలావరకు అన్యాయం. నది ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ 7. అంటే కృష్ణ ఒడ్డున మన చెప్పులకు, చేతులకు, జేబులకు అంటుకుని వచ్చే రేణువుల్లో ఎక్కువ భాగం మన ఫోను అద్దం కన్నా గట్టివి.

టూత్‌పేస్టులో సాధారణంగా ఉండే రాపిడి పొడి కాల్షియం కార్బనేటు లేదా సిలికా. కాల్షియం కార్బనేటు కాఠిన్యం 3 దగ్గరే. అది గాజును అరగదీసి గీతను సమం చేస్తుందనుకోవడం చీపురుతో బండను చెక్కాలనుకోవడం లాంటిది. మరి నష్టం ఏమిటి? అద్దం మీద వేలిముద్రల జిడ్డు నిలవకుండా నానోమీటర్ల మందంలో ఒక పూత వేసి ఉంటుంది. రుద్దుడుకు అది పోతుంది. బావమరిది మాట తీసేయలేక మూలన పడి ఉన్న పాత ఫోను మీద తెరలో సగానికి పది నిమిషాలు టూత్‌పేస్టు రుద్ది చూశాను. కడిగి తుడిచి రెండు వైపులా ఒక్కొక్క నీటిబొట్టు వేశాను. రుద్దని వైపు బొట్టు తామరాకు మీద ఉన్నట్టు గుండ్రంగా నిలిచింది. రుద్దిన వైపు బొట్టు చప్పగా పరుచుకుంది. గీత మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. వంట సోడా ఫలితమూ ఇంతే. ప్లాస్టిక్ మీది గీతలను ఇవి కొంచెం మసకబరుస్తాయి, ఆ పేరే అద్దానికీ పాకింది.

సీరియం ఆక్సైడు అనే పొడి ఉంది. టెలిస్కోపు అద్దాలకు మెరుగు పెట్టడానికి వాడతారు. అది నిజంగానే గాజును అరగదీస్తుంది. అందుకే ఇంకా ప్రమాదం. ఫోను గాజు బలమంతా దాని పై పొరలో ఉంది. కార్నింగ్ వారి గొరిల్లా గ్లాస్‌ను, అలాంటి ఇతర గాజులను దాదాపు 400 డిగ్రీల వేడి పొటాషియం ఉప్పు ద్రవంలో ముంచుతారు. గాజులోని చిన్న సోడియం అయాన్లు బయటికి పోయి, వాటి చోట్లలో పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. సంక్రాంతి ముందు రోజు పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్ నుంచి బయలుదేరే బస్సులో ఇద్దరి సీట్లో ముగ్గురు కూర్చున్నట్టు అక్కడ అంతా ఒత్తిడే. ఆ ఒత్తిడే అద్దాన్ని పగలకుండా కాస్తుంది. మైక్రాన్లలో కొలిచే ఆ పొరను అరగదీస్తే కాపలాదారును మనమే పంపేసినట్టు. పైగా గీత ఉన్నచోట పల్లం పడి అక్షరాలు వంకరగా కనబడతాయి. పొడి కలిపిన తడి స్పీకరు జాలీలోకి దిగితే మరో ఖర్చు.

నాలుగో పని: టెంపర్డ్ గ్లాసు

గీతకు నిజంగా పనిచేసే ఉపాయం ఇదే. నూనె చేసిన పనినే టెంపర్డ్ గ్లాసు అడుగున ఉండే జిగురు చేస్తుంది, పైగా అక్కడే ఉండిపోతుంది. గ్లాసు మొత్తానికీ జిగురు ఉన్నది అడిగి తీసుకోండి. అంచులకు మాత్రమే జిగురు ఉండే రకం మధ్యలో గాలి వదిలేస్తుంది, గీత అలాగే కనబడుతుంది.

విజయవాడలో బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేటల్లో, గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేటల్లో ఐదు నిమిషాల్లో వేసి ఇస్తారు. బీసెంట్ రోడ్డులో నేను వెళ్లిన దుకాణం కుర్రవాడు గ్లాసు మీద కట్టరుతో బరబర గీసి చూపించాడు.

"చూశారా సార్, ఒక్క గీత లేదు. 9హెచ్ గ్లాసు."

"కట్టరు ఉక్కు కదా బాబూ. ఇసుకతో గీసి చూపిస్తావా?"

"ఇసుక ఎవరు తెస్తారు సార్ ఇక్కడికి?" అని నవ్వాడు.

నేను తెచ్చాను, జేబులో. 9హెచ్ అంటే మోస్ వరుసలో 9 కాదు. రంగుల పూతల గట్టిదనం చూడటానికి పెన్సిళ్లతో గీసే పరీక్ష ఒకటి ఉంది, అందులో అన్నిటికన్నా గట్టి పెన్సిలు 9హెచ్. ఆ పెన్సిలు గీయలేకపోయిందని మాత్రమే ఆ మాటకు అర్థం. టెంపర్డ్ గ్లాసు మీద కూడా ఇసుక గీతలు పడతాయి. పడనివ్వండి. దాన్ని మార్చడానికి 150 రూపాయలయింది నాకు.

ఇంట్లోనే వేసుకోవాలంటే స్నానాల గదిలో వేడినీళ్లు పట్టిన పది నిమిషాల తరువాత మొదలుపెట్టండి. ఆవిరికి గాలిలోని ధూళి నేలకు దిగుతుంది. ఫ్యాను కట్టేయండి. ఫ్యాక్టరీ ఫిల్మ్ ఉంటే ముందే తీసేయాలి. ఫోనును పౌచ్‌లోంచి తీసి, తడి కాగితంతో, తరువాత పొడి కాగితంతో తుడిచి, చివర ధూళి తీసే స్టిక్కరును అద్దమంతా అంటించి తీయండి. ఇప్పుడు అసలు కిటుకు: జిగురు పొర విప్పకముందే గ్లాసును తెర మీద సరిగ్గా అమర్చి, ఒక పొడుగు అంచును రెండు చోట్ల సెల్లోటేపుతో ఫోనుకు అతికించండి. పుస్తకం అట్ట తెరిచినట్టు గ్లాసును తెరిచి, జిగురు పొర విప్పి, మళ్లీ పుస్తకం మూసినట్టు వదిలేయండి. మధ్యలో వేలితో ఒకసారి నొక్కితే జిగురు దానంతట అదే పాకుతుంది. మధ్యలో చుక్కతో బుడగ మిగిలితే అక్కడ ధూళి ఉన్నట్టు. ఆ మూల మాత్రం లేపి, టేపు ముక్కతో ఆ ధూళిని అద్దుకుని వదలండి.

అంచులు వంగిన తెరలకు యూవీ గ్లాసు వేస్తారు. ద్రవ జిగురు పోసి అతినీల లోహిత దీపం కింద గట్టిపరుస్తారు. అదే సన్న గీతలను అన్నిటికన్నా బాగా నింపుతుంది. కానీ ఆ జిగురు చెవి స్పీకరులోకి, పక్క బటన్లలోకి కారితే పెద్ద తలనొప్పి. ఫోను ఆపించి, ఆ రంధ్రాలకు టేపు వేశాకే జిగురు పోయమని దగ్గరుండి చెప్పండి.

గ్లాసు వేశాక తెర లోపలి వేలిముద్ర పనిచేయకపోతే పాత ముద్ర తీసేసి కొత్తగా నమోదు చేయండి. సెట్టింగుల్లో స్పర్శ సున్నితత్వం (టచ్ సెన్సిటివిటీ) పెంచే మీట ఉంటే దాన్నీ ఆన్ చేయండి.

గోరు తట్టుకునే గీత అయితే

లోతు గీత ఉన్న చోట గాజు బలహీనపడుతుంది. మామూలుగా తట్టుకునే దెబ్బకే అక్కడి నుంచి పగులు మొదలుకావచ్చు. అది మూలకు దగ్గరగా ఉంటే వెంటనే టెంపర్డ్ వేసి, మూలలు పైకి లేచిన పౌచ్ తొడగండి. కంటికి అడ్డం రానంతవరకు డిస్‌ప్లే మార్చవద్దనే నా సలహా. ఖరీదైన తెర అయితే ఫోను ధరలో పెద్ద భాగం దానికే పోతుంది.

మార్చక తప్పదంటే కంపెనీ సర్వీసు సెంటరులోనే మార్పించండి. బయటి దుకాణాల్లో రెండు మాటలు వినబడతాయి. కాంబో అంటే గాజు, డిస్‌ప్లే కలిపి మొత్తం మార్చడం. ఓసీఏ అంటే పాత డిస్‌ప్లే ఉంచి పైగాజు మాత్రమే వేడితో ఊడదీసి కొత్తది అతికించడం. రెండోది చవక, కానీ చేయి తిరిగినవాడు కాకపోతే డిస్‌ప్లే పోతుంది. పోతే ఎవరిది బాధ్యత అని ముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి. కాంబో అయితే అసలుదా కాపీదా అని అడగండి. కాపీ తెరలో రంగులు తేలిపోతాయి, వేలిముద్ర పనిచేయకపోవచ్చు. ఏది చేసినా ఫోను నీళ్లను తట్టుకునే గుణం మునుపటిలా ఉంటుందనుకోకండి. ఫోటోలు దాచుకుని, సిమ్ తీసుకుని ఇవ్వండి. లాక్ అంకె చెప్పకండి, తెర సరిచూడాలంటే మీరే తెరిచి చూపండి.

మళ్లీ పడకుండా

ఘాట్‌కో, భవానీ ద్వీపానికో వెళ్తే ఫోనును చిన్న జిప్ సంచిలో వేసి తీసుకెళ్లండి. వారానికోసారి జేబులు తిరగేసి దులపండి. వంటింటి గ్రానైట్ గట్టు మీద తెర కిందికి పెట్టి జరపకండి, గ్రానైట్‌లో కూడా క్వార్ట్జ్ ఉంటుంది. కడప బండ మెత్తటిదే, కానీ దాని మీది ధూళి మెత్తటిది కాదు.

ఉంగరాల సంగతి ఎవరూ చెప్పరు. బంగారం మెత్తన, దానితో భయం లేదు. నవరత్నాల ఉంగరంలో ముత్యం, పగడం తప్ప దాదాపు అన్ని రాళ్లూ ఫోను అద్దాన్ని గీయగలవే. కెంపు, నీలం 9, వజ్రం 10. అమెరికన్ డైమండ్ అని అమ్మే రాయి కూడా 8కి పైనే. రాళ్ల దుద్దులు పెట్టుకుని ఫోనును చెవికి ఆనించి అరగంట మాట్లాడితే గీత చెవి వైపు పడుతుంది. మా ఆవిడ ఫోనులో పై మూలన ఉన్న అర్ధచంద్రపు గీతకు మూలం ఇన్నాళ్లకు దొరికింది, నింద మాత్రం అంతవరకు నా తాళాల గుత్తి మోసింది.

నా ఫోనులో ఘాట్ గీత టెంపర్డ్ కింద నిజంగానే కనబడటం లేదు. గ్లాసు మార్పించిన రోజున మాత్రం ఒక్క నిమిషం బయటపడుతుంది. పాతది ఊడదీయగానే కుర్రవాడు ఫోనును ట్యూబులైటు వైపు తిప్పి, ఆ గీత మీద వేలు పెట్టి, "సార్, ఇది ముందే ఉంది, ఒకసారి చూసుకోండి" అంటాడు.